మనిషికా, సరుకుకా

గంట పడుతుందంది డాక్టరమ్మ. వంద బారల తాడు చుట్ట విప్పి, కొలిచి, మళ్ళీ చుట్టి కట్టడానికి అతనికి పది నిమిషాలు పడుతుంది, అంటే గంటకి ఆరు చుట్టలు, ఆరువందల బారలు, చేతులు చాచీ చాచీ రెక్కలు పడిపోయేంత పొడవు, అదంతా ఇప్పుడీ బెంచీ మీద కూర్చుని ఖాళీ చేతులతో కొలవాలి. ఒక చుట్ట అయిపోయింది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. ఎదుటి తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ తలుపు వెనక బల్ల మీద ఇంట్లో అందరూ గువ్వ అని పిలిచే తన ఎనిమిదేళ్ళ కూతురు మత్తులో ఉంది, నోరు తెరుచుకుని. మూసుకోకుండా లోపలేదో అడ్డం పెడతామని ముందే చెప్పారు. తమ వంశంలో ఇంతసేపు నోరు తెరిచి ఉంచిన మనిషి ఇదే మొదటిది అనుకున్నాడు తాళ్ళ షావుకారు, అనుకుని, వంశం అన్న మాట మనసులోకైనా ఎందుకు రానిచ్చానా అని ఉలిక్కిపడి పక్కకి చూశాడు.

పక్కన భార్య ఉంది. ఒళ్ళో సంచి, సంచిలో పిల్ల గౌను, తువ్వాలు, అట్టపెట్టెలో మందు సీసా. ఆ సీసాని సంచి పైనుంచే చేత్తో పట్టుకుని కూర్చుంది, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు, లేకపోతే అది తనంతట తాను లేచి ఇంకే పాపానికైనా ఒడిగడుతుందేమో అన్నట్టు. ఆ సీసా మూత లోపల గీత ఉంటుంది. ఆ గీత దాకా మందు పోసి, కిటికీ దగ్గరికి వెళ్ళి కంటి ఎత్తున పట్టి చూసి, బొట్టు ఎక్కువైతే సీసాలోకి వంచి, తక్కువైతే కలిపి, పిల్ల నోట్లో పోస్తుంది, రోజుకి మూడు పూటలు, మూడేళ్ళుగా, ఒక్క పూట తప్పకుండా. కొలత విషయంలో తనకంటే గట్టిది అని అతను లోలోపల మురిసిపోయేవాడు. పది రోజుల కిందట ఇదే ఆసుపత్రిలో డాక్టరమ్మ గువ్వ పెదవి ఎత్తి చూసి, ఫిట్స్‌కి ఈ మందు వాడే పిల్లల్లో కొందరికి చిగుళ్ళు ఇలా పెరుగుతాయమ్మా అనడంతోటే, ఆ కొలతంతా భార్య మెడకి చుట్టుకుంది. ఆ రోజునుంచీ ముద్ద దిగడం లేదు. నేనే దాని నోట్లో మూతడు మూతడుగా ఈ కండ పోశానండీ అంది ఒకసారి, కొట్లోకొచ్చి, తాళ్ళ చుట్టల మధ్య నిలబడి. అతను అప్పటికే కట్టేసి ఉన్న చుట్టని విప్పి మళ్ళీ కట్టాడు.

అంతే చేశాడు. చుట్ట కట్టాడు. ఊరుకోమ్మా, నీ తప్పేముంది అని కూడా అనలేదు, అంటే తరవాతి మాట మరి ఎవరి తప్పు అని వస్తుంది, ఆ మాటకి తన దగ్గర జవాబుంది, ఆ జవాబు పైపళ్ళకీ కిందపళ్ళకీ మధ్య ఇరుక్కుని ఉంది, ఆ పళ్ళేమో తనవి కావు. పదీ పన్నెండు. గడియారం ముల్లు కదిలినప్పుడల్లా చిన్న చప్పుడు చేస్తోంది, మూడు పేటల తాడు పురి ఎక్కుతున్నప్పుడు చేసే చప్పుడులా. పురి ఎక్కించేకొద్దీ తాడు బిగుస్తుంది, ఒక హద్దు దాటితే తనమీద తానే మెలి తిరుగుతుంది. ఆ మెలి చూస్తే కొత్తవాళ్ళు తాడు గట్టిదనుకుంటారు. తెలిసినవాడు పేటలు విడదీసి లోపలి నార చూస్తాడు. పైకి బంగారంలా ఉన్న మోకు లోపల బూజు పట్టి ఉంటుంది.

పది రోజుల కిందట ఆసుపత్రివాళ్ళు నింపమని ఇచ్చిన కాగితం రెండు పేజీలు. మొదటి పేజీలో పిల్ల వయసు, బరువు, వాడే మందులు. రెండో పేజీలో మూడో వరుసలో కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా చిగుళ్ళు పెరిగి పళ్ళు కప్పేశాయా అని ఉంది. భార్య ఆ సమయానికి గువ్వని బరువు తూచే చోటికి తీసుకెళ్ళింది. జేబులోంచి కొట్టు కలం తీసి, రెండక్షరాలు, లేదు అని రాసి కింద సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు. అదే ఇప్పుడు గుచ్చుతోంది, వణకకపోవడం. ఇరవై ఏళ్ళుగా ఆ అబద్ధం ఎంత నునుపు తేలిందంటే చేతిలోంచి జారిపోయింది, జారినట్టే తెలియలేదు. డాక్టరమ్మ ఆ రెండక్షరాలూ చదివి, వంశంలో లేదన్నారు కాబట్టి ఇది మందు పనే అని తేల్చింది. ఫిట్స్ డాక్టరుకి ఉత్తరం రాసింది. ఆయనేమో ఈ మందు పిల్లకి బాగా కుదిరింది, కానీ చిగుళ్ళ డాక్టరు అంత ఖాయంగా చెబుతుంటే మార్చక తప్పదు అన్నాడట. ఎంత ఖాయం? రెండక్షరాలంత.

నాన్న ఉంటే ఏమనేవాడు. నాన్న మూతికి ఎప్పుడూ తువ్వాలు కట్టుకునేవాడు, నార పొడి ముక్కులోకి పోతుందని. కొట్టుకొచ్చినవాళ్ళందరూ అదే నమ్మారు, మూతిగుడ్డ షావుకారు అని పేరు పెట్టారు, ఆయన ఆ పేరుకి పలికేవాడు కూడా. ఇంటికొచ్చాక కూడా ఆ తువ్వాలు తియ్యకపోవడం తన ఆరో ఏట అతనికి వింతగా తోచింది, ఇంట్లో నార పొడి ఎక్కడిది? ఏడో ఏట పాలపళ్ళు ఊడి, రావలసిన పళ్ళు రాక, వాటి చోట లేత గులాబి రంగు కండ గట్టిగా, గరుకుగా, పైకి పైకి లేస్తుంటే అద్దం ముందు నిలబడి ఏడిచినప్పుడు నాన్న తువ్వాలు విప్పి చూపించాడు. ఒక్కసారే. మాటల్లేవు. మళ్ళీ కట్టేసుకుని, నోట్లో సంగతి నోట్లోనే ఉండాలిరా, బయటికొస్తే మనం బజార్లో ఉండలేం అన్నాడు. పదేళ్ళు కోయించారు, పెరిగింది, మళ్ళీ కోయించారు, మళ్ళీ పెరిగింది. చివరికి పదిహేడో ఏట, పళ్ళుంటేనే కదా ఈ కండకి పట్టు అని, ఉన్న పళ్ళన్నీ పీకించేశారు. కండ తగ్గింది. పైవరుస, కిందవరుస కట్టించారు. పళ్ళ బిగువున ఓర్చుకో అంటారు లోకంలో, తనకి ఆ బిగువు కూడా కొని తెచ్చుకున్నదే అని అప్పట్లో ఒంటరిగా నవ్వుకునేవాడు, పెదాలు విడకుండా.

ఆ విడని పెదాలే తనని నిలబెట్టాయి, అది మాత్రం ఒప్పుకోవాలి. బేరంలో ఎదుటివాడు మొదటి మాట అన్నాక తను పలకడు. పలికితే పళ్ళు కదులుతాయేమోనని భయం, అంతకంటే ఏం లేదు. ఎదుటివాడికది తెలియదు కదా, వీడెంత ఘటికుడు అనుకుని తనే దిగొస్తాడు. ముఖంలో కండరం కదలదయ్యా ఆయనకి అని బజారంతా చెప్పుకుంది. పెళ్ళిచూపుల్లో భార్య వాళ్ళ నాన్న ఆ గాంభీర్యం చూసే ముచ్చటపడ్డాడు. పెళ్ళయిన నాలుగో రోజు గ్లాసు నీళ్ళలో ఆ రెండు వరుసలూ చూసి ఆవిడ బిక్కచచ్చిపోతే, చిన్నప్పుడు తాళ్ళ లోడు దించుతూ లారీ మీంచి పడ్డాను అన్నాడు. ఎంత నొప్పి పుట్టిందో కదండీ అని ఆవిడ అతని దవడ నిమిరింది. ఆ నిమిరిన చోట ఇవాళ్టికీ ఒక వెచ్చదనం ఉంది. లేని లారీకి దక్కిన వెచ్చదనం.

పదిన్నర. తలుపు తెరుచుకుంది, ఇద్దరూ ఒక్కసారే లేచారు, కానీ వచ్చింది నర్సు, చేతిలో చీటీ. లోపల బాగానే జరుగుతోంది, పైచిగురు అయిపోవచ్చింది అని, చీటీ భార్య చేతికిచ్చి, మధ్యాహ్నం ఒంటిగంట డోసు నుంచి పాత మందు సగమే పొయ్యమంది, కొత్తది ఇవాళే మొదలు, రెండు వారాల్లో పాతది పూర్తిగా మానెయ్యాలి. చెప్పాల్సింది ఇంకా ఉన్నట్టు నిలబడింది.

“ఈ రెండు వారాలూ పాపని ఒంటరిగా వదలకండమ్మా. స్నానానికి కూడా.”

“ఎందుకని?” అంది భార్య.

“మందు మారేటప్పుడు ఒక్కోసారి ఫిట్స్ తిరగబెడతాయి. రావాలనేం లేదు. జాగ్రత్తకి చెప్తున్నా.”

నర్సు వెళ్ళిపోయింది. ఆవిడ చీటీని మడతపెట్టింది, ఆ మడతని మళ్ళీ మడిచింది, మళ్ళీ మళ్ళీ మడిచి గోరంత చేసి గుప్పిట్లో పెట్టుకుంది. తిరగబెడతాయి. ఐదేళ్ళప్పుడు కొట్లో, నార బస్తాల పక్కన, తాడు ముక్కతో ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి ఆట మానేసింది, పిలిస్తే పలకలేదు, కళ్ళు పైకి పోయాయి, చేతులు ఎవరో లాగి వదులుతున్నట్టు కొట్టుకున్నాయి, నోటి చివర నురగ. ఎంతసేపు? రెండు నిమిషాలన్నారు తరవాత. ఆ రెండు నిమిషాల్లో ఎన్ని బారలో ఇప్పటికీ లెక్క తేలలేదు. ఆ వారంలోనే మళ్ళీ ఒకసారి, మెట్ల మీద. ఈసారి తల పగిలింది, చెవి వెనక ఆ గీత ఇంకా ఉంది. తరవాత ఈ మందు. మూడేళ్ళు, ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆ మందే ఆ పిల్లని పట్టుకుని ఉన్న తాడు. ఆ తాడు ఇవాళ ఒంటిగంటకి సగం కోస్తారు. కొయ్యమని సంతకం పెట్టింది ఎవరు?

కాకపోతే అతనికి ఇంకో మనసుంది, అది వ్యాపారం చేసే మనసు, అది ఊరుకోదు. కొత్త మందు కూడా మంచిదే కావచ్చు కదా అంటుంది. ఫిట్స్ రావాలనేం లేదు అన్నారు కదా. చెబితే ఏమవుతుందో కూడా చూసుకో అంటుంది. మందు మానేస్తే మళ్ళీ పెరగదన్న ఆశతో ఆవిడ ఈ కోత ఒప్పుకుంది, ఇదొక్కసారే కదా తల్లీ అని పిల్లకి నచ్చజెప్పింది. నువ్వు నోరు విప్పావంటే ఆ ఒక్కసారి పోతుంది. మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ కొయ్యాలి, నీకు తెలుసు. ఆశ పోగొట్టి ఏం ఇస్తావు? ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్నవాడు అబద్ధాలకోరు అన్న కబురు. మంచి సరుకే.

బడిలో వాళ్ళు గువ్వని బబుల్‌గమ్ అంటారు. ఆ మాట పిల్ల ఇంట్లో చెప్పలేదు, దాని నోట్లో సంగతీ నోట్లోనే ఉంటుంది, ఎవరు నేర్పారో. కొత్తగా వచ్చిన టీచరు పాఠం మధ్యలో చూసి, నోట్లోది ఉమ్మేసి రా అందట. పిల్ల లేచి వెళ్ళింది. బయట కుళాయి దగ్గర కాసేపు నిలబడింది. తిరిగొచ్చి కూర్చుంది. ఉమ్మేశావా అంటే తలూపింది. ఈ సంగతి ఆ టీచరే తెలుసుకుని, కళ్ళనీళ్ళతో వచ్చి చెప్పింది. కుళాయి దగ్గర ఆ పిల్ల ఏం చూస్తూ నిలబడిందో అని అతను ఎన్నిసార్లనుకున్నాడో. పోయిన నెల తెలుగు పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టి, నాన్నా, చిగురు అంటే చెట్టుకొచ్చే లేతాకు అని రాసుంది, మరి నాకెందుకొచ్చింది అంది. అతను నవ్వాడు, పెదాలు విడకుండా. అది అతని ముఖంకేసి చూసింది, చూసి, తనూ అచ్చం అలాగే నవ్వింది, పెదాలు బిగించి. పళ్ళు ఎత్తుకెళ్ళిన కండని తనే ఇచ్చాడు సరే, ఆ నవ్వు కూడా ఇచ్చాడు.

పదీ నలభై ఐదు. కొట్లో గడప దాటినవాణ్ణి నాన్న మొదట అడిగే మాట ఒక్కటే, తనూ అదే అడుగుతాడు. మనిషికా, సరుకుకా? బస్తా కట్టడానికా, మనిషి వేలాడడానికా? సరుకుకైతే పాతదైనా ఇస్తాడు, మనిషికైతే పేటలు విడదీసి చూపించి, లోపలి నార కొత్తదైతేనే ఇస్తాడు. నాలుగేళ్ళ కిందట ఎత్తైన గోడలకి రంగులేసేవాడొకడు వచ్చి, మూల పడున్న మోకు చూసి ఇదే కావాలన్నాడు, గట్టిగా కనిపిస్తోందని. వద్దన్నాడు అతను. మొండికేశాడు వాడు. అప్పుడు కత్తి తెచ్చి వాడి కళ్ళముందే ఆ మోకుని నడిమికి కోసి లోపలి బూజు చూపించాడు. వాడు నోరెళ్ళబెట్టాడు, పిల్లలున్నవాణ్ణి షావుకారూ అన్నాడు. మర్నాటినుంచి బజార్లో అతని మాటకి ఎదురు లేకుండా పోయింది. ముక్కూ మొహం తెలియని రంగులవాడికి మోకు కోసి చూపించిన చెయ్యి ఇదే. రెండో పేజీలో మూడో వరుసలో ఆ రెండక్షరాలు రాసిన చెయ్యీ ఇదే. మనిషికా, సరుకుకా? ఆ కాగితం మీద ఆ ప్రశ్న తను వేసుకోలేదు. తన మర్యాద కట్టుకోవడానికి ఇచ్చాడు ఆ తాడు, సరుకు తాడు, దానికి పిల్ల వేలాడుతోంది.

లేచాడు. ఎక్కడికండీ అంది భార్య. ఇప్పుడే వస్తా అన్నాడు. కౌంటరు పది అడుగుల దూరం. గుమాస్తా కుర్రవాడు కాదు, తల నెరిసినవాడు, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. గొంతు తగ్గించి, మా పాప ఫారం ఒకసారి ఇస్తే చిన్న దిద్దుబాటు చేసుకుంటానన్నాడు. కలం అప్పటికే చేతిలో ఉంది. లేదు అన్నది కొట్టేసి ఉంది అని రాస్తే చాలు, అదీ రెండక్షరాలే, కాగితమే మాట్లాడుతుంది, తను ఇక్కడే నిలబడొచ్చు. గుమాస్తా వెతికి, ఫైలు లోపలికెళ్ళిపోయిందండీ, డాక్టరుగారి దగ్గరే ఉంటుంది అన్నాడు. పోనీ ఏం మార్చాలో చెప్పండి, ఫోన్లో చెప్పేస్తా అని రిసీవరెత్తాడు. చెవి కొంచెం దూరమనుకుంటా, గట్టిగా చెప్పండి అన్నాడు.

గట్టిగా. అతను జీవితంలో ఏదీ గట్టిగా చెప్పలేదు. వెనక చెప్పుల చప్పుడైంది. ఆవిడ లేచి వచ్చి, సంచి గుండెలకి హత్తుకుని నిలబడింది. తిరిగి చూడకుండానే తెలుస్తోంది.

“కుటుంబంలో ఎవరికైనా ఉందా అన్నచోట లేదని రాశాను,” అన్నాడు. “ఉంది.”

“ఎవరికండీ?” అన్నాడు గుమాస్తా.

“మా నాన్నకి. నాకు.”

గుమాస్తా ఫోన్లో అదే మాట తిరిగి చెప్పాడు, బియ్యం ధర చెప్పినంత మామూలుగా, పాప నాన్నకీ, తాతకీ ఉందటండీ అని. ఆ గదిలో ఇంకో నలుగురున్నారు, ఎవరూ తలెత్తలేదు. ఇన్నేళ్ళూ ఎవరి కోసం దాచాడో వాళ్ళెవరూ ఇక్కడ లేరు. ఉన్నది ఒక్క మనిషి.

“లారీ?” అంది ఆవిడ.

“లారీ లేదు.”

ఆవిడ ఏమీ అనలేదు. అరిస్తే బాగుండును. అతనికి మౌనంతో బేరం చెయ్యడం తెలుసు, అవతలివాళ్ళ మౌనాన్ని భరించడం తెలియదు. ఎర్ర దీపం ఆరింది. డాక్టరమ్మ బయటికొచ్చింది, మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుంటూ. నాన్న నలుగురిలో ఎప్పుడూ అలా లాగలేదు అనుకున్నాడు. పాప బాగుంది, ఇంకాసేపట్లో తెలివొస్తుంది అని, ఏంటండీ ఈ ఫోను అంది. కోపంగానే అంది, కోప్పడే హక్కుంది. అతను జవాబు చెప్పకుండా రెండు వరుసలూ తీసి రుమాల్లో పెట్టి గుప్పిట్లో పట్టుకుని నోరు తెరిచాడు, ఎంత తెరవగలడో అంత. డాక్టరమ్మ చిన్న లైటు వేసి, వేలితో చిగురు గట్టు వెంట తడిమింది. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు కోశారు, పళ్ళు ఎప్పుడు పీకారు, తాతకి కూడానా. అన్నిటికీ చెప్పాడు, పళ్ళు లేని నోటితో, సగం అక్షరాలు గాలిగా పోతుంటే.

“ఇది పది రోజుల కిందట చెప్పాల్సింది,” అందామె. తరవాత భార్య వైపు తిరిగింది. “ఆ చీటీ ఇటివ్వమ్మా. పాత మందు మానొద్దు, తగ్గించొద్దు. మందు వల్ల కూడా కొంత అయుండొచ్చు, లేదనను. కానీ అసలుది ఇంట్లోనే ఉన్నప్పుడు తొందరపడి దాన్ని కదిలించను. ఆ డాక్టరుతో నేను మాట్లాడతాను.”

“మళ్ళీ పెరుగుతుందా?” అంది భార్య.

“పెరగొచ్చు. పళ్ళు శుభ్రంగా ఉంచుకుంటే నెమ్మదిగా పెరుగుతుంది. పెరిగితే మళ్ళీ తీస్తాం. పీకించేసే రోజులు కావమ్మా ఇవి.”

భార్య గుప్పిట విప్పింది. గోరంత చీటీ చెమటకి మెత్తబడి ఉంది. డాక్టరమ్మ దాన్ని చింపి జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. అప్పుడందావిడ, అతనికేసి చూడకుండా, తలుపుకేసి చూస్తూ.

“రోజుకి మూడుసార్లు కొలిచి పోశాను. పది రోజులనుంచి పోసినప్పుడల్లా చచ్చాను. మీరు చూస్తూ కూర్చున్నారు.”

అవును అన్నాడు. అంతకంటే తగ్గించడానికి గానీ పెంచడానికి గానీ ఏం లేదు.

ఒంటిగంటకి గువ్వ కళ్ళు పూర్తిగా తెరిచింది. పెదవి వాచింది, పైన ఏదో గులాబి రంగు పూత, దాని కింద, చిగుళ్ళు వెనక్కి జరిగిన చోట, కొత్తగా, తెల్లగా, రంపపు అంచుల్తో నాలుగు పళ్ళు. ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో అక్కడ, చీకట్లో. పిల్ల ముందు తల్లిని చూసింది, తరవాత నాన్న వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. వరుసలు ఇంకా చేతి రుమాల్లోనే ఉన్నాయి, పెట్టుకోవడం మరిచిపోయాడు. చెయ్యి అలవాటుగా నోటికి అడ్డం లేచింది. సగం దూరంలో ఆపి, దించేశాడు. చూడనిచ్చాడు.

నర్సు వచ్చి డోసు వేళయిందంది. భార్య సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, రెండూ అతని ముందుకి చాచింది. “మీరు పొయ్యండి.”

మూడేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. టేపు లేకుండా వంద బారలు కొలిచే చెయ్యి ఇంత చిన్న మూతకి వణికింది. పోశాడు. కిటికీ దగ్గరికెళ్ళి కంటి ఎత్తున పట్టాడు. ఆవిడ వెనకే వచ్చి, భుజం తగలకుండా నిలబడి, ఆ మూతలోకి చూసింది.

“గీతకి తక్కువుంది,” అంది. “ఇంకో బొట్టు.”